కుట్టేసిన పేజీలు

మొన్న బియ్యం మూట మూతి విప్పుతుంటే ఆయన గుర్తొచ్చాడు.

మూటల మిషను కుట్టుకు ఒక కిటుకుంది. సరైన కొస చేతికి దొరికితే ఒక్క లాగుతో దారమంతా ఊడి వచ్చేస్తుంది. తప్పు కొస పట్టుకున్నామా, లాగేకొద్దీ బిగుసుకుని చివరికి కత్తి వెతుక్కోవాల్సి వస్తుంది. నా చేతికి జన్మలో సరైన కొస దొరకలేదు. "మిషను కుట్టును నమ్మగూడదు టీచరమ్మా. అది ఇప్పేదానికని కుట్టిన కుట్టు. చేతికుట్టు అట్ల కాదు, కుట్టినోడు ఇప్పితేనే ఇప్పినట్లు," అనేవాడాయన.

ఆయన చేతికుట్టు ఒకటి మా ఇంటి అలమరలో ఉంది, ఒక పుస్తకానికి. అట్ట చిరిగి, మూలలు నలిగిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం, మేమాడిన ఒక ఆట నియమాలది. అందులో చివరి ముప్పై పేజీలను ఒక్క కట్టగా పట్టి, గోనెసంచులు కుట్టే దబ్బనంతో, పురికొసతో అంచు వెంబడి కుట్టేశాడు, ఎవరూ తెరవకుండా. ఇంటికొచ్చినవాళ్లు దాన్ని చూసి ఏదో చేతబడి పుస్తకమనుకుంటారు. మా పక్కింటావిడైతే దానికి ఎదురుగా కూర్చోదు.

ఆయన పేరు నేను రాయడం లేదు. ఆటలో ఎవరి పేరైనా పెన్సిలుతోనే రాయాలని ఆయన పట్టు. "పెన్నుతో రాయాకండప్పా, ఎవురు ఎప్పుడు పోతారో ఎవురికెరుక," అనేవాడు. అచ్చులోకి వెళ్లేదాంట్లో పెన్సిలు కుదరదు కాబట్టి పేరు వదిలేస్తున్నాను. మేము ఎలాగూ అన్నా అనే పిలిచేవాళ్లం.

కర్నూలు పాత బజారులో ఆయనకు విత్తనాల అంగడి ఉండేది, తాతల నాటిది. కొన్నేళ్లు బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగం చేసి, నాన్న పోయాక తిరిగొచ్చి గల్లా దగ్గర కూర్చున్నాడు. పెళ్లి చేసుకోలేదు. బెంగళూరు నుంచి ఏం తెచ్చుకున్నావన్నా అని అడిగితే, "నడుం నొప్పి, ఈ ఆట," అనేవాడు. వాటిలో ఆటే నయమైనది.

ఆట గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. దీనికి పటం ఉండదు, కాయలుండవు. ఒక బల్ల, నాలుగు కాగితాలు, రేగుపండంత సైజులో ఇరవై ముఖాల పాచిక. కాగితం మీద ఆటాడే ప్రతివాళ్లకూ ఒక కల్పిత మనిషి ఉంటాడు: వాడి బలమెంత, వాడికొచ్చిన విద్యేమిటి అన్నీ రాసుంటాయి. నడిపే ఆయన కథ చెబుతాడు. "మీ ముందర కోట తలుపు ఉండాది, మూసిండాది, ఏం చేస్తారు?" అంటాడు. మనం ఏం చేస్తామో చెప్పాలి. అది అయిందో లేదో పాచిక తేలుస్తుంది. బుర్రకథలో వంత పాడేవాళ్లు ఉన్నట్టుండి కథను తామే మలుపు తిప్పేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

కథ చెప్పేటప్పుడు ఆయన ముందరి పళ్ల మధ్య ఒక వేరుశనగ గింజ పెట్టుకునేవాడు. అంగడిలో గింజ ఆరిందో లేదో కొరికి చూసే అలవాటు, ఆదివారం కూడా వదలలేదు. గింజ పళ్ల మధ్య ఉన్నంతసేపు కథ నిమ్మళంగా సాగేది. టక్కుమని పగిలిందంటే మా పని అయిపోయినట్టే. కొండచిలువో, దొంగల గుంపో, తెగిన వంతెనో, ఏదో ఒకటి వచ్చి మీద పడేది. ఆయన కథల్లో కోట అచ్చం గండికోటే. ఒకసారి అక్కడికి టేపు పట్టుకుని వెళ్లి తలుపు వెడల్పు కొలుచుకొచ్చాడు. చూడ్డానికొచ్చినవాళ్లు ఈయన్ని కాంట్రాక్టరనుకున్నారంట.

నేను ఆ అంగడికి మిద్దె మీద కుండీల్లో వేయడానికి టమోటా విత్తనాల కోసం వెళ్లాను. గల్లా మీద ఆ పాచిక కనబడింది.

"ఇదేం గింజ అన్నా?" అని అడిగాను.

"ఏసి చూడు టీచరమ్మా," అన్నాడు. నా వేళ్లకున్న సుద్దపొడి చూసి టీచరమ్మనని కనిపెట్టేశాడు.

వేశాను. ఇరవై పడింది. అదే అన్నిటికన్నా పెద్ద పందెమట. ఆయన గల్లా వెనకనుంచి లేచి నిలబడ్డాడు. "ఆదివారం మూడుగంటలకు పైకి రా. ఇద్దరు ఉండారు. మూడో మనిషి లేక శానా దినాలుగా ఆట ఆగిపోయింది."

ఇంట్లో చెబితే మా ఆయన నవ్వాడు. "పాచికలాడి రాజ్యాలు పోగొట్టుకున్నోళ్ల పాఠాలు నువ్వే కదా చెప్పేది పిల్లోళ్లకు."

"మనకు రాజ్యం యాడుండాది పోనీకి?" అన్నాను.

నిజంగానే లేదు. మా అత్తకు పక్షవాతం వచ్చి కుడిపక్క మొత్తం పడిపోయింది. తెల్లారుజామున లేచి ఆమెకు మొహం కడిగి, పక్క మార్చి, నోటికి పెట్టి, నేను బడికి పరిగెత్తాలి. సాయంత్రం వచ్చి మళ్లీ మొదటినుంచి. మా ఆయన మంచివాడే. మంచినీళ్లు అడిగితే తెచ్చిస్తాడు, అడిగితేనే. నంద్యాలలో ఉండే మా మరిది ఫోను చేసినప్పుడల్లా, "వదిన చేతిలో ఉంటే మాకు బెంగే లేదు," అంటాడు. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు మాత్రం పక్కింటావిడ వచ్చి కూర్చుంటానంది. ఆ మూడు గంటలే నావి.

మొదటి ఆదివారం అంగడి మిద్దె మీద, పురుగుమందుల వాసన మధ్య, మిగతా ఇద్దరినీ చూశాను. మాబు బోరుబావి మోటార్లకు వైండింగు చేస్తాడు. ఓబులేసు కరెంటు లైన్‌మన్. కోసిగి మనిషి. ఊళ్లో సగంమంది ఏటా సుగ్గికని, అంటే కోతల కాలానికని, కూలి వెతుక్కుంటూ వలసపోతే, తాను మాత్రం స్తంభాలెక్కే ఉద్యోగం సంపాదించుకుని కర్నూల్లో నిలిచాడు. తలుపు పట్టనంత మనిషి, చీమకు దారిచ్చే మనసు.

ఆయన ఒక రేకు డబ్బా నా ముందు పెట్టాడు. ఖాళీ విత్తనాల పొట్లాల్లో ఒక్కో చీటీ పెట్టి అందులో వేసేవాడు. ఏ చీటీ వస్తే ఆటలో నీ మనిషికి ఆ విద్యే. చెయ్యి పెట్టి పొట్లం తీశాను. గాయాలకు కట్టు కట్టే వైద్యురాలు. ఓబులేసుకు అప్పటికే కత్తి వచ్చింది, మాబుకు వేగు చూసే పని.

"మారిస్తే?" అని ఊరికే అడిగాను.

"ఏసిన ఇత్తనం మార్చేది ఉండదమ్మా. శెనక్కాయ ఏసి కంది కోస్తామంటే అయితాదా? పైరును బాగా సూసుకో, అంతే," అన్నాడు.

ఆయన మంత్రం అదే. అంగడిలో రైతులకూ అదే చెప్పేవాడు, బల్ల దగ్గర మాకూ అదే. పుస్తకంలోని చివరి ముప్పై పేజీలకు కుట్టు పడ్డది కూడా ఆ మంత్రం వల్లే. అవి 'ఇష్టమైతే వాడుకోండి' అని పుస్తకం రాసినవాళ్లు వెనక చేర్చిన నియమాలు. వాటి ప్రకారం ఆటాడేవాళ్లు తమ మనిషికి రెండో విద్య నేర్పించుకోవచ్చు, కొత్త నేర్పులు తగిలించుకోవచ్చు, తమకు నచ్చినట్టు మలుచుకోవచ్చు. నడిపే మనిషి ఒప్పుకుంటేనే. ఆయన వాటిని ఇష్టం పేజీలు అనేవాడు, ఏదో తినకూడని పదార్థం పేరు పలికినట్టు.

అలా మూడేళ్లు కట్లు కట్టాను. ఓబులేసు మనిషి కొండమీంచి పడితే కట్టాను, మాబు మనిషి ఉచ్చులో కాలు పెడితే కట్టాను. అయినా ఆ ఆట నాకు ప్రాణం. నల్లమల లాంటి అడవిలో దారి తప్పడం, వాళ్లిద్దరూ చిన్నపిల్లల్లా కొట్లాడుకోవడం, ఆయన గింజ టక్కుమనడం. వారమంతా ఆ చప్పుడు కోసమే ఎదురుచూసేదాన్ని.

ఒక వారం మా అత్త మంచంమీంచి జారింది. ఒక్కదాన్నే లేపాను. ఎడమ భుజంలో ఏదో పట్టేసింది. చెయ్యి దించలేను, ఎత్తలేను. ఆ భుజంతోనే బడికెళ్లాను, ఆ భుజంతోనే ఆదివారం ఆటకెళ్లాను. ఆట మొదలైన పది నిమిషాలకే గింజ పగిలింది. కోట గోడమీంచి రాయి దొర్లి ఓబులేసు మనిషి కాలు నలిగింది.

"టీచరమ్మా, కట్టు కట్టు," అన్నాడాయన.

"కట్టను," అన్నాను.

నేననుకోలేదు అలా అంటానని. ముగ్గురూ నా వైపు చూశారు.

"మూడేండ్లనుంచి కడతాండా అన్నా. నా మనిషికి కత్తి నేర్పించు. ఆ పేజీల్లో ఉండాదంట కదా, ఇప్పు."

"ఆ పేజీలు మన ఆటలో లేవమ్మా."

"పుస్తకంలో ఉండాయి కదా."

"ఇష్టమైతేనే వాడుకోమని రాసిండారు. నాకు ఇష్టం లే."

"ఇయ్యన్నా, ఏం పోతాది? ఒక కత్తే కదా," అన్నాడు మాబు.

ఆయన మాబు వైపు తిరిగాడు. "ఏం పోతాదా? చెప్తా ఇను. బెంగళూరులో ఆ పేజీలు తెరిచిపెట్టుకునే ఆడినాం. ఒకనికి కత్తీ వస్తాది, మంత్రమూ వస్తాది, వైద్యమూ వస్తాది. పక్కోనికీ అన్నీ వస్తాయి. ఐదుగురం కూచ్చుంటిమి, ఎవురి కత వాళ్లు ఆడుకుంటిమి. ఒకడు పడిపోతే పక్కోడు తిరిగి సూడడు, వాడే లేస్తాడులే అని. ఆర్నెల్లకు ఆ బల్ల కాడికి ఒక్కరూ రాలే. అందరికీ అన్నీ వస్తే ఒకరితో ఒకరికి పనేముంటాదప్పా?"

నిజం చెప్పాలంటే ఆ మాట నాకు నచ్చింది. ఇప్పటికీ నచ్చుతుంది. కానీ ఆ రోజు నా భుజం సలుపుతోంది, ఎవరి మాటలో ఎంత నిజముందో తూచే ఓపిక లేదు.

"మీకందరికీ నాతో పని ఉండాది, సరే. నాకు ఎవురితో పని ఉండాదో చెప్పన్నా. మూడేండ్లలో నాకు ఎవురైనా కట్టు కట్టినారా?"

ఓబులేసు తన కాగితం బోర్లా తిప్పాడు.

"పొట్లం నువ్వే తీసినావు కదమ్మా," అన్నాడాయన మెల్లగా. "వైద్యం తీసుకోమని నేను చెప్పలే కదా. ఇత్తనం..."

"డబ్బాలో ఒక్క పొట్లమే ఉండె అన్నా."

ఆయన డబ్బా కోసం చుట్టూ చూశాడు.

"నేను చెయ్యి పెట్టినప్పుడు తగిలింది ఒకటే. వీళ్లిద్దరూ ముందే రెండు తీసుకోని ఉండారు. మిగిలింది నాకిచ్చి నువ్వే తీసినావు అంటాండావు. మా ఇంట్లోనూ ఇంతే. మా ఆయనకు ఉద్యోగం, మా మరిదికి దూరం. ఎవురూ నన్ను చెయ్యమనలే. మిగిలింది నేను."

ఆయన పళ్ల మధ్య పెట్టుకోబోయిన ఇంకో గింజను అరచేతిలోకి తీసుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఆ గింజ పగల్లేదు. నేను చెప్పులేసుకుని మెట్లు దిగి వచ్చేశాను. పాత బజారు దాటేదాకా ఏడుపు రాలేదు, దాటాక ఆగలేదు.

మూడు ఆదివారాలు వెళ్లలేదు. మూడు గంటలకు పక్కింటావిడ అలవాటుగా వచ్చి కూర్చునేది. నేనూ ఆమె పక్కనే కూర్చునేదాన్ని. మా అత్త మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసి, వంకరపోయిన నోటితో, "ఈపొద్దు ఆటకు పోలేదా?" అనేది. ఆమెకు కూడా నేను వెళ్లకపోవడం బాగోలేదేమో అనిపించింది.

నాలుగో వారం మధ్యలో బడి వదిలే వేళకు గేటు దగ్గర ఆయన స్కూటరు కనబడింది. కాళ్ల మధ్య ఆ రేకు డబ్బా. పిల్లలు ఐసుబండి అనుకుని చుట్టూ మూగారు. వాళ్లు వెళ్లిందాకా ఆగి, స్కూటరు దిగకుండానే మొదలుపెట్టాడు. క్షమించమని అడగడం ఆయనకు రాదు. కథ చెప్పడమే వచ్చు.

"ఆత్మకూరు కాడ మా తాతోళ్లకు ఒక బావి ఉండె టీచరమ్మా. నలుగురన్నదమ్ములు, నాలుగు వంతులు. మా చిన్నతాతది మధ్యాన్నం వంతు. పొద్దున్నుంచి ముగ్గురు తోడుకున్నాంక బావిలో ఏముంటాది? బురద. ఆయప్ప నిమ్మచెట్లు ఎండిపాయ. మోసం ఎవురూ చేయలే, ఎవురి వంతు వాళ్లు తోడుకున్నారు. వంతులు తిప్పాల అని మాత్రం ఒక్కరికీ తోచలే. మా చిన్నతాత నోరు తెరిచి అడగలే గూడా."

డబ్బా మూత గోటితో గోకాడు.

"నువ్వు అడిగినావు. అడిగినాంక గూడా తిప్పకపోతే అది మోసమే అయితాది."

"అయితే పేజీలు ఇప్పుతావా?"

"ఇప్పను," అన్నాడు వెంటనే. "అది అడగాకు. ముగ్గురి కాయితాలూ తిప్పుతా. వారానికొకరు వైద్యం. ఈ ఆదివారం ఓబులేసుది. నీకు వాని కత్తి."

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆ మొండితనంలో కూడా ఆయన ఇన్ని వారాలూ నా మాటే ఆలోచిస్తూ గడిపాడని నాకు తెలిసిపోయింది. పెదవి బిగించుకుని, వస్తానని తలూపాను.

ఆ ఆదివారం నేను కోట తలుపు మీద కత్తి దూశాను. పాచిక పద్దెనిమిది పడింది. కోట కాపలావాళ్లు ముగ్గురు ఒక్క దెబ్బకు చెల్లాచెదురయ్యారు. నేను వేసిన కేకకు కింద బజార్లో పోయేవాళ్లు తలెత్తి చూశారట. పిల్లల్ని అరవకండని రోజూ అరిచే గొంతే అది, దాంట్లో అంత సంతోషం ఉందని నాకే తెలియదు. ఆ తర్వాత, రావాల్సిందే కదా, గింజ టక్కుమంది. కోట బురుజుమీంచి ఒక బాణం వచ్చి నా మనిషికి తగిలింది.

ఓబులేసు వైద్యం కాగితం పట్టుకుని లేచి నిలబడ్డాడు. కూర్చుని ఆడే ఆటలో ఎందుకు లేచాడో వాడికే తెలియదు. "యాడ తగిలిందక్కా?" అన్నాడు.

"ఎడమ భుజం," అన్నాను. ఆలోచించకుండా నా భుజమే పట్టుకున్నాను.

"కదలాకు. కడతాండా."

అంతే. వాడు నన్ను తాకనైనా లేదు, పాచిక వేశాడు. కానీ ఎక్కడ నొప్పని నన్ను ఒక మనిషి అడిగి ఎన్నేళ్లయిందో నాకు ఆ క్షణంలో తెలిసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పురుగుమందుల వాసన మీద పెట్టేశాను. ఆయన లేచి కిటికీ తలుపు తెరిచాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా ఆయనకు బావి కథ చెప్పాను. బుధవారం, ఆదివారం అత్త పని ఆయన వంతన్నాను. "నాకు రాదు కదా," అన్నాడు. "ఓబులేసుకు గూడా రాదు," అన్నాను. ఓబులేసు ఎవరో, ఏం రాదో అర్థం కాక ఒప్పేసుకున్నాడు. మొదటి బుధవారం మా అత్త, "వీడు నీళ్లు తాపితే ముక్కులోకి పోతాండాయి, వీని పెండ్లామే మేలు," అని వీధంతా వినబడేలా అరిచింది. నాలుగో బుధవారానికి కొడుకు చేత్తో తప్ప తిననని మారాం చేసింది. నెలకో వారం నంద్యాల మరిది వంతు. ఫోనులో బెంగ లేనివాడు, ఇక్కడికొచ్చి ఒక పూట చేసేసరికి బెంగ పెట్టుకుని వెళ్లాడు.

ఆ డబ్బా, ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గరే ఉన్నాయి. ఆదివారాలు మా మిద్దె మీద ఆట నేనే నడుపుతున్నాను. కొత్తగా వచ్చినవాళ్లు ఆ పేజీలు విప్పమని బతిమాలతారు. వేరే ఊళ్లలో అందరూ వాడుతున్నారని ఫోన్లో చూపిస్తారు. నేను విప్పలేదు, అందరికీ అన్నీ వస్తే ఒకరితో ఒకరికి పనేముంటుందని ఆయన మాటే అప్పజెబుతాను. డబ్బాలో మాత్రం ఆటాడేవాళ్లకన్నా రెండు పొట్లాలు ఎప్పుడూ ఎక్కువ వేస్తాను, చివర వచ్చినవాళ్ల చేతికి కూడా మూడు తగిలేలా. కాగితాలు ఎలాగూ తిరుగుతాయి.

అవి నా చేతికి రావడానికి ముందు ఆయన గొంతులో గడ్డ లేచింది. కథలు చెప్పే గొంతుకే రావాలా అని మాబు పెద్దాస్పత్రి వరండాలో గోడను గుద్దాడు. ముందు మాట బొంగురుపోయింది, తర్వాత గుసగుస అయింది. ఆదోనిలో ఉన్న అక్క ఒక్కతే చుట్టం, ఆమెకే లేవడానికి మనిషి కావాలి. మేము ఆయన మంచం పక్కనే కూర్చుని వంతులు రాసుకున్నాం, ఆటకాగితం వెనకవైపు, పెన్సిలుతో. పొద్దున మాబు, సాయంత్రం ఓబులేసు, బడికి వేసవి సెలవులు కాబట్టి మధ్యాహ్నం నేను.

ఆయన కాగితం తెప్పించుకుని చదివాడు. పెన్సిలు అడిగి నా పేరు కొట్టేశాడు.

"ఎందుకన్నా?"

"నీకు వంతు లే," అని గుసగుసగా అన్నాడు. "శానా చేసినావు. నువ్వు మూడుగంటలకు ఆటకు రా. కత్తి పట్టుకోని రా."

ఎంత చెప్పినా వినలేదు. నా స్థానంలో ఎవరిని పెట్టాలా అని మేము చూస్తుంటే, మా ఆయన వచ్చి తన పేరు రాయించుకున్నాడు. గడ్డం గీయడం, పక్క మార్చడం, తడిగుడ్డతో ఒళ్లు తుడవడం, అన్నీ మా అత్త దగ్గర నేర్చినవే. నేను మాత్రం రోజూ మూడు గంటలకు చుట్టంలా వెళ్లేదాన్ని. మందులు పెట్టుకునే చక్రాల బల్ల మీద పాచిక వేసేవాళ్లం. ఆయన వేరుశనగ గింజను పళ్ల మధ్య పెట్టుకోలేక రెండు వేళ్లమధ్య పట్టుకునేవాడు. ప్రమాదం రాబోతుందంటే వేళ్లతో నొక్కేవాడు. పగిలేది కాదు. మేమే నోటితో టక్కుమని చప్పుడు చేసేవాళ్లం.

చివరి వారంలో ఒక మధ్యాహ్నం. మా ఆయన డ్యూటీలో ఇరుక్కుని ఫోను చేస్తే ఆ పూటకు మాబు వచ్చాడు. మందుల చీటీ పట్టుకుని కిందికి పోయాడు. అక్కడ క్యూ పెద్దదట, ఎంతకీ రాలేదు. గదిలో నేను, ఆయన. నర్సు పెట్టిపోయిన గ్లాసులో రాగిజావ చల్లారి తెట్టు కడుతోంది. ఆయన చెయ్యి ఎత్తలేడు. పెదవులు ఎండి పొట్టు లేచి ఉన్నాయి.

నేను కాగితాలు పక్కన పెట్టి చెంచా తీసుకున్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "నీ వంతు కాదమ్మా."

"కాదు. తెలుసు."

"మాబు వస్తాడు."

"వస్తాడు. వచ్చేదాకా ఆగనీకీ అయితాది. పెట్టమని నాకు ఎవురూ చెప్పలే అన్నా. మిగిలిపోయి పెట్టడమూ కాదు. నాకే పెట్టాలని ఉండాది."

"మన ఆటలో..." అన్నాడు. గాలి అందక ఆగాడు. "మన ఆటలో ఆ రూలు లే."

"ఉండాది. నువ్వు కుట్టేసిన పేజీల్లో ఉండాది. ఇష్టమైతే, అని."

ఆయన నా మొహం చూశాడు. మూడేళ్లు నాచేత కట్లు కట్టించిన మనిషి, వారాల తరబడి తలదించుకుని ఆలోచించిన మనిషి, నా పేరు పెన్సిలుతో కొట్టేసిన మనిషి. ఎండిన పెదవులు ఒక పక్కకు సాగాయి. నవ్వాడని అర్థమైంది. దుప్పటి మీదున్న చెయ్యి కష్టంగా తిప్పి, ఒక వేలు చూపించాడు. ఒక్కసారికే, అని.

తర్వాత నోరు తెరిచాడు.